నా రైఫిల్ నంబరు ఆమె చదివింది

రైఫిల్ మీద నంబరు ఒక్కచోటే ఉండదు. పైన బాడీ మీద పూర్తి నంబరు ఉంటుంది. లోపల కదిలే ముఖ్యమైన ముక్కల మీద, అంటే ముందుకూ వెనక్కూ జారే స్లైడు మీద, గుండు వెనక తలుపులా మూసుకునే బ్రీచ్ బ్లాకు మీద, దాని చివరి మూడంకెలు చిన్నగా గుద్ది ఉంటాయి. జగిత్యాలలో మా డిగ్రీ కాలేజీ క్యాడెట్ దళానికి శిక్షణ కోసం ఇచ్చినవి పాత సెల్ఫ్ లోడింగ్ రైఫిళ్ళు. ఒక గుండు పేలిన బలంతోనే రెండో గుండును తనంతట తాను పైకి తెచ్చుకునే రకం. చూడటానికి అన్నీ ఒక్కలాగే ఉండేవి. ఒకదానిలోని ముక్కను ఇంకొకదానిలో పెడితే చాలాసార్లు కూర్చుంటుంది కూడా. అయినా పెట్టకూడదన్నది మాకు నేర్పిన మొదటి నియమం. ఏళ్ళ తరబడి ఒకే బాడీలో ముందుకూ వెనక్కూ తిరిగిన ఉక్కు ఆ బాడీకి తగినట్టే అరిగి ఉంటుంది. నిజంగా పాడైన ముక్కను మార్చవలసి వస్తే ఆ పనికి వేరే మనుషులున్నారు, వారి దగ్గర కొలిచే సాధనాలున్నాయి. మా చేతులకు ఆ అధికారం లేదు. విప్పడం, తుడవడం, ప్రతి ముక్కనూ దాని నంబరు దగ్గరికి చేర్చడం, అంతవరకే మా పని.

మొదటి ఏడాదిలోనే నేను ఈ నియమాన్ని ప్రశ్నించాను. డిబేట్ పోటీలకు వెళ్ళే అమ్మాయిని కాబట్టి, కారణం చెప్పని నియమాన్ని అంగీకరించడం నాకు చిన్నతనంగా ఉండేది.

"సార్, ముక్క పట్టినప్పుడు ఇంక తప్పేముంది?" అని అడిగాను.

"పట్టిందని నువ్వంటున్నవు బిడ్డా. రైఫిల్ అన్నదా?" అన్నారు సార్.

క్యాడెట్లందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఓడిపోయినా సంతోషం కలిగించే వాదన ఆయన ఒక్కరే చేయగలరని ఆ రోజుల్లో నా నమ్మకం. మా కాలేజీలో రాజనీతిశాస్త్రం చెప్పేదీ, క్యాడెట్ దళాన్ని నడిపేదీ, డిబేట్ జట్టును తయారుచేసేదీ ఆయనే. నాలాగే కోరుట్ల నుంచి వచ్చేవారు. పొద్దున బస్సులో సీటు దొరికితే కిటికీ పక్కన కూర్చుని ఆ రోజు పేపర్లోని ఏదో ఒక వార్త చూపించి, "ఇది నిజమని ఎట్ల నమ్ముతవు?" అని అడిగేవారు. నేను జగిత్యాల చేరేదాకా జవాబు చెబుతూనే ఉండేదాన్ని. ఆధారం లేని మాట ఎంత అందంగా ఉన్నా నోట్లోనే ఉంచుకోవాలని ఆయన నేర్పారు. ఎదుటివాళ్ళ వంతులో మాట్లాడకూడదనీ ఆయనే నేర్పారు. ఈ రెండు పాఠాలూ నాకెంత బాగా పట్టుబడ్డాయో ఆయనకు నాకంటే బాగా తెలుసు.

డిబేట్ నుంచి ఒక పద్ధతిని ఆయన మా ఆయుధాల గదిలోకీ తీసుకొచ్చారు. పోటీకి ముందు మా ప్రసంగాన్ని మేము చదువుకోకూడదు. జోడీగా వచ్చినవాళ్ళు పైకి చదివితే మేము వినాలి. మన రాతలో తప్పున్నా మన కన్ను ఒప్పునే చదువుతుందని ఆయన అనేవారు. రైఫిళ్ళకూ అదే వర్తించింది. తుడిచి బిగించేటప్పుడు ఎవరి నంబర్లు వాళ్ళు చూసుకోకూడదు. జోడీ వచ్చి బాడీ మీది అంకెలనూ ముక్కల మీది అంకెలనూ గట్టిగా చదవాలి. రైఫిల్ పట్టుకున్నవాళ్ళు కళ్ళు పక్కకు తిప్పుకుని విని, "కలిసింది" అనాలి. వేరే కాలేజీల క్యాడెట్లు మమ్మల్ని చూసి ఎగతాళి చేసేవాళ్ళు. మాకది గర్వంగా ఉండేది.

నా జోడీ చందుర్తి పిల్ల. హాస్టల్లో ఉండి చదువుకునేది. వాళ్ళమ్మ బీడీలు చుట్టేది, నాట్లప్పుడు కూలికి పోయేది. మాకు జంపఖానాలు తక్కువ కాబట్టి ఇద్దరమూ ఒకదాని మీదే కూర్చుని రైఫిళ్ళు విప్పేవాళ్ళం. జంపఖానాను మధ్యకు మడిచి మళ్ళీ పరిస్తే ఒక గీత పడుతుంది. గీతకు ఇటు నా ముక్కలు, అటు ఆమె ముక్కలు. మూడేళ్ళలో ఒక్క స్ప్రింగు కూడా ఆ గీత దాటలేదు.

ఆమె నన్ను దొరసాని అని పిలిచేది. మా తాతల కాలంలో మాది ఊరి మీద పెత్తనం చేసిన ఇల్లు. ఇప్పుడు మిగిలింది కొంత భూమి, కోరుట్లలో ఒక ఎరువుల దుకాణం. ఆమెకు ఆ తేడాతో పని లేదు.

"ఏం దొరసాని, గన్ను తుడువనీకె జీతగాన్ని పిలిపియ్యాల్నా?"

"నీ నాలిక తుడువనీకె ఎవల్నన్న పిలిపియ్యాలె ముందు."

"తుడుస్తె ఇంక పదునెక్కుతది, సూస్కో మల్ల."

ఇంకెవరు ఆ మాటతో పిలిచినా నాకు కోపం వచ్చేది. ఆమె పిలిస్తే రాలేదు. ఎందుకు రాలేదో అప్పుడు ఆలోచించలేదు. స్నేహమంటే అదే అనుకున్నాను.

ఆఖరి సంవత్సరంలో సిరిసిల్లలో క్యాంపు జరిగింది. రైఫిల్ విప్పి బిగించే పోటీ అందులో ముఖ్యమైనది. కళ్ళకు గంతలు కడతారు. ఈల వేయగానే రైఫిల్‌ను పూర్తిగా విప్పి, ముక్కలను వరుసలో పెట్టి, మళ్ళీ బిగించి చెయ్యెత్తాలి. అమ్మాయిల్లో మొదట వచ్చిన ఒక్కరినే రాష్ట్రస్థాయికి పంపుతారు. అక్కడికి వెళ్ళొచ్చిన కాగితం పోలీసు ఉద్యోగానికి పోయేవాళ్ళకు అక్కరకొస్తుందని అందరూ అనుకునేవారు. నా జోడీకి ఆ ఉద్యోగం కావాలి. ఆ సంగతి ఆమె దాచలేదు, నేను మరవలేదు.

నాకూ ఆ గెలుపు కావాలి. కారణం చెబుతాను, అది చిన్నదిగా కనబడినా సరే. కోరుట్లలో నేనేం గెలిచినా ఆ గెలుపు మా ఇంటి పేరు మీదికి పోయేది. డిబేట్‌లో మొదటి బహుమతి తెస్తే, "గా ఇంటి పిల్ల గదా, మాటలకేం కొదువ" అన్నారు. మార్కులు వస్తే ట్యూషన్లన్నారు. కళ్ళకు గంతలు కట్టుకుని ఉక్కు ముక్కలతో కూర్చున్నప్పుడు మాత్రం నేను ఎవరి మనవరాలినో ఆ ముక్కలకు తెలియదు. నా వేళ్ళు నేర్చుకున్నది నా వేళ్ళదే. మా కాలేజీలో అందరికంటే ముందు నేనే బిగించేదాన్ని. నా జోడీ ఎప్పుడూ నా తర్వాతే చెయ్యెత్తేది. ఎత్తి, "నీ యేళ్ళకేం మంత్రముందే" అని నా చేతులు పట్టుకుని చూసేది.

సిరిసిల్లకు మా కాలేజీ నుంచి మూడు రైఫిళ్ళు తీసుకెళ్ళారు. ఒకటి నాది, ఒకటి ఆమెది, మూడోది అవసరానికి ఉంచుకున్న స్పేర్. మూడింటినీ ఒక చెక్కపెట్టెలో పెట్టి తాళం వేశారు. తాళంచెవి సార్ బెల్టుకు వేలాడేది. క్యాంపులో మా రెండు రైఫిళ్ళే బయటకు వచ్చాయి. స్పేర్‌తో పని పడలేదు. సాయంత్రాలు తుడవడం కాగానే రైఫిళ్ళను సార్ స్వయంగా తీసుకుని పెట్టెలో పెట్టేవారు.

పోటీ జరిగింది పొద్దున పూట. మైదానం గోడ అవతల మరమగ్గాలు ఆడుతున్నాయి. టకటకమని ఆగకుండా వచ్చే ఆ చప్పుడు కాసేపటికి చెవికి అలవాటై మాయమైంది. నా వంతు ముందు, ఆమెది తర్వాత. సార్ పెట్టె తెరిచి నా రైఫిల్ నా చేతికిచ్చారు. పద్ధతి ప్రకారం నా జోడీ నా ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. నేను కళ్ళు గోడ వైపు తిప్పుకున్నాను.

"బాడీ, నాలుగు ఏడు రెండు," అని చదివింది.

"కలిసింది."

"స్లైడు, నాలుగు ఏడు రెండు."

"కలిసింది."

"బ్రీచ్ బ్లాకు." ఒక్క క్షణం ఆగింది. దుమ్ము తుడుస్తున్నదేమో అనుకున్నాను. "నాలుగు ఏడు రెండు."

"కలిసింది," అన్నాను.

ఆ తర్వాత నా కళ్ళకు గుడ్డ కట్టింది కూడా ఆమే. ముడి బిగిస్తూ, "గట్టిగైతుందా?" అని అడిగింది. లేదన్నాను.

ఈల వినబడింది. విప్పడం ఎప్పటిలాగే సాగింది. బిగించేటప్పుడు బ్రీచ్ బ్లాక్ దగ్గర నా చెయ్యి తడబడింది. ఎప్పుడూ నీళ్ళలోకి జారినట్టు జారే ముక్క ఆ రోజు మొరాయించింది. ఒక అంచు నా బొటనవేలికి కొత్తగా తగిలింది. ఇది నాది కాదని చేతులు చెప్పాయి. ఆమె చదివింది కదా, నేను విన్నాను కదా అని చెవులు చెప్పాయి. నేను చెవులనే నమ్మాను. ముక్కను బలవంతంగా కూర్చోబెట్టి, మిగతాది పూర్తిచేసి, చెయ్యెత్తాను. చుట్టూ చప్పట్లు వినబడ్డాయి. నా వరుసలో మొదట ఎత్తిన చెయ్యి నాదే.

న్యాయనిర్ణేత బయటి నుంచి వచ్చిన సుబేదార్. మొదట చెయ్యెత్తినవాళ్ళ రైఫిల్‌ను ఆయన విప్పి చూస్తారు. బ్రీచ్ బ్లాకును ఎండకు తిప్పి చదివారు. మళ్ళీ చదివారు.

"బాడీ చార్ సాత్ దో. యే తో నౌ ఏక్ పాంచ్ హై. కిస్కా హై యే, బేటీ?"

అది ఎవరిదని అడుగుతుంటే నేను వంగి చూశాను. తొమ్మిది ఒకటి ఐదు. ఎండలో ఆ అంకెలు ఏ అనుమానానికీ చోటివ్వకుండా మెరుస్తున్నాయి.

"పోటీకి ముందు చూసుకున్నాం సార్. అన్నీ కలిశాయి," అన్నాను.

"కౌన్ దేఖా?" చూసిందెవరని అడిగారు.

నా జోడీ ముందుకొచ్చింది. "నేనే చదివిన సార్. అన్నీ కల్సినయి." ఆమె చూపు గుడారం తాడు మీద ఉంది.

సుబేదార్ నావైపు తిరిగారు. చదివినప్పుడు కలిసినవి, బిగించాక కలవలేదు. మధ్యలో ఆ రైఫిల్ పట్టుకున్నది నేనొక్కదాన్నే. ఆ లెక్క ఎటు తేలుతుందో నాకూ అర్థమైంది. జవాబు కోసం వెతుకుతుండగా సార్ వచ్చి నా భుజం మీద చెయ్యి వేశారు.

"మా పిల్లదే పొరపాటు సార్. తుడిచేటప్పుడు కలగలిసినట్టుంది. ఒప్పుకుంటది," అన్నారు.

నేను ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. ఎదుటివాళ్ళ వంతు అయ్యేదాకా ఆగడం అలవాటైనదాన్ని. వాళ్ళిద్దరిలో ఎవరో ఒకరు ఇంకో మాట అంటారని ఆగాను. ఎవరూ అనలేదు. నా పేరు కొట్టేశారు. తర్వాత వచ్చిన నా జోడీ తన వరుసలో మొదటిదైంది. చివరికి అందరిలోనూ మొదటిదైంది. ఆమె రైఫిల్‌లో ప్రతి ముక్కా ఆ రైఫిల్‌దే. నేనే చదివాను, అందుకే నాకు తెలుసు. ఉన్నది ఉన్నట్టు చదివాను.

తిరుగు ప్రయాణంలో ఆమె బస్సు కిటికీకి తల ఆనించి ఏడ్చింది. మెడల్ సంచిలో ఉంది, మెడలో వేసుకోలేదు. నా కోసమే ఏడుస్తున్నదని అనుకుని నేనే ఆమెను ఓదార్చాను.

"నీ తప్పేముందే ఇందుల? ముందటి సాయంత్రం నేనే ఏదో కలగలిపి ఉంట. ఊకో."

"నువ్వు ఊకోవే దొరసాని," అంది. 

క్యాంపు నుంచి వచ్చాక రైఫిళ్ళన్నిటినీ తుడిచి ఆయుధాల గదిలో నిలబెట్టాలి. నా జోడీ మెడల్ చూపించడానికి చందుర్తి వెళ్ళింది. ఆ పని సార్ నాకు అప్పగించి, తలుపు దగ్గర కాపలా ఉండే హవల్దార్‌ను కూర్చోబెట్టి క్లాసుకు వెళ్ళారు. జంపఖానా మొత్తం ఆ రోజు నాకే మిగిలింది. మడత గీతకు అటువైపు ఎవరూ లేరు.

నా రైఫిల్ విప్పాను. పరాయి ముక్క ఇంకా అందులోనే ఉంది. దాన్ని పక్కన పెట్టాను. ఆ తర్వాత స్పేర్ విప్పాను. బాడీ తొమ్మిది ఒకటి ఐదు. లోపలి నుంచి బయటకు వచ్చిన బ్రీచ్ బ్లాక్ నాలుగు ఏడు రెండు. నాది.

అప్పుడు నేను చేసిన పని మూడేళ్ళ శిక్షణ చేయించింది. రెండింటినీ శుభ్రంగా తుడిచాను. నా ముక్కను నా రైఫిల్‌లో, స్పేర్ ముక్కను స్పేర్‌లో పెట్టి బిగించాను. నాది నీళ్ళలోకి జారినట్టు జారింది. చదవడానికి జోడీ లేదు కాబట్టి నియమం తప్పి నేనే చదువుకున్నాను. కలిసింది. రైఫిళ్ళను వరుసలో నిలబెట్టి, గొలుసు వేయించి, చేతులు కడుక్కుంటున్నప్పుడు ఆలోచన వచ్చింది.

ముందటి సాయంత్రం తుడవడంలో నేనే కలగలిపానని బస్సులో ఒప్పుకున్నాను. కాని ఆ సాయంత్రం జంపఖానా మీద ఉన్నవి రెండే రైఫిళ్ళు, నాదీ ఆమెదీ. స్పేర్ అసలు పెట్టెలోంచి బయటకు రానేలేదు. మరి దాని ముక్క నాదానిలోకి ఎట్లా వచ్చింది? పెట్టె తెరవకుండా రాదు. తాళంచెవి లేకుండా పెట్టె తెరుచుకోదు. ఇక పొద్దున ముక్క మీద తొమ్మిది ఒకటి ఐదు ఉంటే నాలుగు ఏడు రెండు అని నాకెట్లా వినబడింది? చదివిన మనిషి చదివితేనే.

రెండు ప్రశ్నలకూ జవాబు దొరికింది. ఆ జవాబును రుజువు చేయగలిగిన రెండు ముక్కలనూ, తడి చేతులతో నిలబడి ఉన్న నేనే, కాసేపటి క్రితం వాటి వాటి ఇళ్ళకు చేర్చాను.

స్టాఫ్ రూములో సార్ ఒక్కరే ఉన్నారు. పరీక్ష పేపర్లు దిద్దుతున్నారు. నేను చూసింది చూసినట్టు చెప్పాను.  అంతా విని పెన్ను మూత పెట్టారు.

"ఆధారం చూపియ్యి."

"నా కళ్ళతో చూసిన సార్."

"నువ్వు చూసినవు. నాకు చూపియ్యి. పా, గదికి పోదాం, రెండు రైఫిళ్ళు విప్పు. ఏ ముక్క దేంట్ల ఉన్నదో ఇద్దరం చూద్దాం."

నేను కదల్లేదు.

"ఎందుకు కదల్తలేవు?"

"ఇప్పుడు అన్నీ కలిసే ఉన్నయి సార్. నేను సరిచేసిన."

"సరిచేస్తవని నాకు ఎరుకే," అన్నారు.

ఆ మాట ఆయన నోరు జారి అన్నది కాదు. నన్ను ఇంకా తన శిష్యురాలిగానే చూస్తూ, నాకు అర్థమవుతుందనే నమ్మకంతో అన్నారు. గెలిచినట్టు కూడా లేదు ఆయన ముఖం. ఆ పనిని నాకు అప్పగించి, తాను క్లాసుకు ఎందుకు వెళ్ళారో అప్పుడు తెలిసింది. తప్పు నంబరు చేతిలో పట్టుకుని నేను ఊరుకోలేనని ఆయనకు తెలుసు. ఆ నమ్మకం మీదే ఆయన తన పథకం మొత్తం కట్టుకున్నారు. మూడేళ్ళు నాలో తయారుచేసిన గుణాన్నే నా మీద వాడుకున్నారు.

"ఎందుకు సార్?"

ఆయన పేపర్ల అంచులు సర్దారు. "గా పిల్ల ఇంటికి ఎప్పుడన్న పోయినవా? నేను పోయిన. ఆమెకు గిది బతుకుదెరువు. నీకు ఒక ముచ్చట. ఇద్దరి చేతుల్ల ఎవల చేతులు జోరో నాకు తెల్సు. చెయ్యి జోరును బట్టి పోతే ఎప్పటికీ నువ్వే గెలుస్తవు."

"నన్ను అడిగితే నేనే తప్పుకుంటుండె సార్."

"తప్పుకోవు బిడ్డా. వాదిస్తవు."

 నిజంగానే వాదించేదాన్ని. పోటీ అన్నాక పోటీగానే ఉండాలనీ, అవసరాన్ని చూసి మెడల్ ఇవ్వాలంటే ఆ మాటే పైకి చెప్పి ఇవ్వాలనీ వాదించేదాన్ని. ఓడిపోయినా పోయేదాన్ని. ఆ వాదన వినడానికి ఆయన భయపడ్డారు. వాదించడం నేర్పిన మనిషి, నాతో ఒక్కసారి నిజంగా వాదించవలసి వచ్చినప్పుడు, చెక్కపెట్టె తాళంచెవి అందుకున్నారు.

"ఆమెతోని అబద్ధం చదివించిండ్రు," అన్నాను.

"చదివింది ఆమె," అన్నారు సార్. ఆయన నుంచి నేను విన్న మాటల్లో నాకు ఇప్పటికీ మింగుడుపడనిది అదొక్కటే.

ఇంట్లో చెప్పలేదు. పోటీలో పేరు కొట్టేశారన్న సంగతి మాత్రం ఊరంతా తిరిగి మా బాపు చెవిన పడింది. ఆయన దుకాణంలో యూరియా బస్తాల పక్కన కూర్చుని, "పోతెపోయింది తియ్ బిడ్డా. మనకు గా మెడల్ ఎందుకు? ఇంట్ల ఏం తక్కువుంది?" అన్నారు. ఓదార్చాలనే అన్నారు. సార్ అన్న మాటా ఇదే కదా అనుకున్నాను. నాకు తక్కువ లేదని తీర్మానించడంలో నన్ను ప్రేమించేవాళ్ళూ మోసగించినవాళ్ళూ ఒక్కటయ్యారు.

నా జోడీ చందుర్తి నుంచి తిరిగొచ్చాక నా పక్కన కూర్చోలేదు. నేను పిలవలేదు. ఆఖరి నెలల్లో ఇద్దరం వేరు వేరు జంపఖానాల మీద తుడిచాం; ఎక్కడి నుంచో జంపఖానాలు సరిపడా వచ్చాయి. నా నంబర్లు ఒక జూనియర్ చదివేది. ఆ పిల్ల గొంతు స్పష్టంగా, కల్మషం లేకుండా ఉండేది. అయినా నేను కళ్ళు పక్కకు తిప్పుకోలేకపోయాను. ప్రతి అంకెనూ ఆమెతో పాటు చూసేదాన్ని. అది మా పద్ధతికి విరుద్ధమని సార్‌కు తెలుసు. ఆయన చూసీ ఏమీ అనలేదు. డిబేట్ జట్టులో నా చోటు వదులుకున్నాను. కారణం అడిగినవాళ్ళకు గొంతు బాగాలేదని చెప్పాను.

డిగ్రీ అయ్యాక న్యాయశాస్త్రం చదవాలని ప్రవేశపరీక్షకు సిద్ధమవుతున్నాను. ఈ మధ్య గంభీరావుపేటలో ఒక బడివాళ్ళు పిల్లల డిబేట్‌కు న్యాయనిర్ణేతగా రమ్మంటే, చాలా ఆలోచించి వెళ్ళాను. తిరిగి కోరుట్ల వెళ్ళడానికి సిరిసిల్ల బస్టాండులో నిలబడ్డాను. వెనక నుంచి ఒక గొంతు వినబడింది.

"దొరసాని."

తిరగకముందే తెలుసు. జుట్టు కురచగా కత్తిరించుకుంది. భుజాలు వెడల్పయ్యాయి. కానిస్టేబుల్ శిక్షణలో ఉందని విన్నాను. సెలవు మీద చందుర్తి పోతోంది. ఆమె చేతిలో వాళ్ళమ్మకు కొన్న మందుల సంచి ఉంది. చందుర్తికీ కోరుట్లకూ బస్సు ఒకటే కాబట్టి ఇద్దరం ఒకే చోట ఆగక తప్పలేదు.

"మంచిగున్నవా?" అంది.

"ఉన్న."

"బక్కగైనవ్. ఇంట్ల నెయ్యి అయిపోయిందా ఏంది?"

నేను నవ్వలేదు. ఆమె కూడా ఆ మాటను మధ్యలోనే వదిలేసింది. పక్కన చాయ్ బండి దగ్గర ఎవరో గిన్నె కడుగుతున్నారు.

"సారు గట్ల చదువుమన్నడు. ముందటి రోజు చెప్పిండు. నేను వద్దన్న," అంది.

"వద్దని మల్ల చదివినవ్."

"చదివిన." ఆమె చాయ్ బండి వైపు చూసింది. "నీ కండ్లు గోడ దిక్కు ఉండె. నువ్వు ఒక్కసారి ఇటు సూస్తే నా నోట్లకెల్లి గా నంబరు ఎల్లకపోతుండె. నువ్వు సూడవని నాకు తెల్సు. నువ్వు నియమం తప్పవు."

ఆమె కూడా అదే అన్నది. నేను తప్పు చెయ్యనన్న నమ్మకంతోనే ఇద్దరూ నా పట్ల తప్పు చేశారు.

"నన్ను అడగొచ్చు గదనే," అన్నాను. 

"అడిగితే ఇచ్చేదానివే కావొచ్చు. ఇస్తే నీ దగ్గర తీస్కున్నట్టు గాదా? మా అవ్వ మీ అసొంటోళ్ళ కాడ తీస్కునుడే బతుకంత సూసిన." సంచి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. "అట్లని దొంగతనం చేసి తీస్కున్న. గది ఇంక అధ్వానం. నాకు తెల్వదా? గిప్పుడు శిక్షణల గూడ రైఫిల్ ఇప్పుతరు. ప్రతిసారి బ్రీచ్ బ్లాకు కాడికి అచ్చేవరకు నా నోరు ఎండుతది."

నేను ఆ మందుల సంచి వైపు చూశాను.

"చెప్పుమంటే చెప్త," అంది. "ఎక్కడ చెప్పుమంటే అక్కడ. కాయిదం మీద రాసిస్త. నీ మీద పడ్డ మాట పోతది."

సార్ అడిగిన ఆధారం అదే. చివరికి నడుచుకుంటూ నా ముందుకు వచ్చింది. దాన్ని తీసుకుంటే ఆమె ఉద్యోగం పోతుంది, వాళ్ళమ్మ మళ్ళీ బీడీల చాట ముందు కూర్చుంటుంది. ఆమెకు అది తెలిసే అంటోంది. ఆమె ముఖంలో భయం కనబడుతోంది. ఇది నన్ను కట్టడి చేయడానికి అన్నదా, నిజంగానే అన్నదా? ఒకప్పుడైతే నాకు ఈ ప్రశ్న పుట్టేదే కాదు.

"వద్దు," అన్నాను.

"నన్ను మాఫ్ చేసినవా మల్ల?"

"లేదు."

ఆమె తల ఊపింది. నాకు అబద్ధం చెప్పడం రాదని ఆమెకు తెలుసు. ఆ జవాబుకే సిద్ధపడి వచ్చినట్టుంది. ఇద్దరం పక్కపక్కనే నిలబడ్డాం. మా మధ్య ఒక సంచి పట్టేంత చోటు ఉంది. నా వెనక వైపు నుంచి బస్సు లోపలికి తిరుగుతున్న చప్పుడు వినబడింది. జనం కదిలారు. ఆమె నా భుజం మీదుగా చూసి, పాత గొంతుతో, నంబర్లు చదివిన గొంతుతోనే అంది.

"కోరుట్ల బస్సే. ఎక్కు పా."

నేను వెనక్కి తిరిగి బస్సు నెత్తి మీది బోర్డు చూశాను. అక్షరం అక్షరం చదువుకున్నాను. ఆమె నన్ను చూస్తున్నదని నాకు తెలుసు. అది కోరుట్ల బస్సే.